పొగగొట్టానికి సీసం రేకు

మొన్న మా బావగారి అబ్బాయి వచ్చి వెళ్ళాడు. బావగారంటే మా ఆయన అన్నగారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, మా ఆయనా పోయారు. మేము రాజమండ్రి వచ్చేశాక పాత పెంకుటిల్లు వాళ్ళ వాటాకు వెళ్ళింది. ద్రాక్షారామానికి మూడు మైళ్ళు. ఇప్పుడు ఆ పెంకులు దించి డాబా వేయిస్తున్నారట. వంటింటి కప్పు విప్పుతుంటే పొగగొట్టం చుట్టూ ఉన్న రేకు చేతికొచ్చిందని, దాన్ని పాత దుప్పటిలో చుట్టి మోసుకొచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు. బల్ల కిర్రుమంది. "చూడు పిన్నీ, ఇన్నేళ్ళ వానలకీ ఎక్కడా చిల్లు పడలేదు. మా నాన్నగారు చేయించిన పనంటే మాటలా!" అన్నాడు. వాడికి కాఫీ ఇచ్చాను, పూతరేకులు పెట్టాను, గేటు దాకా వెళ్ళి సాగనంపాను. ఒక్క మాట అనలేదు. ఆ రేకు వేసేనాటికి వాడు వాళ్ళమ్మతో అమ్మమ్మగారింట్లో ఉయ్యాల్లో ఉన్నాడు, వాడికేం తెలుసు? ఇంట్లో పెద్దలు చెప్పిందే వాడూ చెప్పాడు. తప్పంతా ఆ చెప్పినవాళ్ళది. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు కనక నా మాట కాదనేవాళ్ళు లేరని రాయడం లేదు. ఉన్నప్పుడు కూడా ఇదే చెప్పాను, ఎవరూ వినిపించుకోలేదు. ఆ రేకు ఎవరూ చేయించలేదు. నేను చేశాను.

మాది తుని వైపు, సముద్రపు గాలి తగిలే ఊరు. మా నాన్న కొట్లో బెల్లం, చింతపండు, కిరసనాయిలుతో పాటు వల దారం, సీసం గుళ్ళు కూడా ఉండేవి. వల నీళ్ళలోకి దిగడానికి జాలర్లు దాని అంచుకు ఆ గుళ్ళు కట్టుకుంటారు. అక్కడినుంచి పెళ్ళి చేసుకుని ఈ వరిచేల మధ్యకు వచ్చాను. అత్తవారిదీ కిరాణా కొట్టే. వీధి వైపు కొట్టు, వెనక ఇల్లు, ఇంటికి ఆగ్నేయాన వంటిల్లు. ఆ వంటింటికి పశువుల పాక వైపు ఒకే ఒక కిటికీ ఉండేది. అది కూడా వేపచెక్క తలుపు ఉబ్బిపోయి సగమే తెరుచుకునేది. లోపల రెండు పొయ్యిలు. ఒకటి ఊకది, ఒకటి కట్టెలది. రైసుమిల్లు నుంచి ఊక బస్తాల్లో వచ్చేది. పొయ్యి మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, ఆ రోకలిని మెల్లగా పైకి లాగేస్తే మధ్యలో గుండ్రటి దారి మిగిలేది. కింద సరుగుడు పుల్ల అంటించాక మంట లేవడానికి ముందు చాలాసేపు పొగే లేచేది. పచ్చగా, బరువుగా ఉండే ఆ పొగ పెంకుల సందుల్లోంచి పోతుందని ఇంట్లో మగవాళ్ళు అనేవారు. అది ఎక్కడికీ పోయేది కాదు. మనిషి నడుం ఎత్తున నిలబడి ఉండేది. నా చీరలు ఎన్నిసార్లు ఉతికినా ఊక వాసనే. భీమేశ్వరస్వామి గుళ్ళో హారతి కళ్ళకద్దుకుంటే, కర్పూరం వాసనకంటే ముందు నా చేతుల్లోంచి మా వంటింటి వాసన తగిలేది.

మా అత్తగారు తెల్లవారకముందే లేచి, నూతి దగ్గర నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించుకుని, తడిబట్టతోనే మడి వంటకు దిగేవారు. అందుకేనేమో ఆవిడ పొగను అంతగా పట్టించుకునేవారు కాదు. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. పైటచెంగు చివర కళ్ళు తుడుచుకుని తుడుచుకుని ఆ మూల రంగు వెలిసిపోయింది. ఎవరైనా అడిగితే "ఉల్లిపాయలు తరిగాను" అనేవారు. ఆ వంటింట్లో ఉల్లిపాయ అడుగుపెట్టడమే లేదు. నాతో ఆవిడ మాట తక్కువ. మాట్లాడితే వంక పెట్టడానికే. పప్పు పలచనైందనో, ముగ్గు వంకరపోయిందనో, తుని వాళ్ళకు పులుసు పెట్టడం రాదనో. అవన్నీ నాకు తేదీ, వారంతో సహా గుర్తున్నాయి కాని అవి ఇక్కడ అప్రస్తుతం.

కాపురానికి వచ్చిన రెండో ఏడు నాకు ఉబ్బసం పట్టుకుంది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ఊళ్ళో డాక్టరు గారు గుండెల మీద గొట్టం పెట్టి చూసి "పొగ దగ్గరికి వెళ్ళకండమ్మా, అదే మందు" అన్నారు. ఆ మాట మా ఆయన భోజనాల దగ్గర చెప్పారు. బావగారు ముక్కుపొడుం డబ్బా పక్కన పెట్టి, "మరి పొయ్యి దగ్గరికి ఎవరెళ్తారు? డాక్టరొచ్చి వండుతాడా?" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. ఆ రోజు అల్లం పచ్చిమిరపకాయ పెట్టిన వంకాయ కూర. బావగారి విస్తరి గోడ వైపు, మా ఆయనది గుమ్మం వైపు. నేను నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ తరవాత ఏడాది గ్రామసేవిక ఒకావిడ ఇంటింటికీ తిరిగి పొగలేని పొయ్యిల గురించి చెప్పింది. మట్టితో పొయ్యి కట్టి, వెనక నుంచి సిమెంటు గొట్టం కప్పు మీదికి పంపిస్తే పొగ అంతా దాంట్లోంచి పోతుందని. నేను మా ఆయన వెంటపడ్డాను. ఆయన అలవాటు ప్రకారం "చూద్దాంలే" అన్నారు. ఆ "చూద్దాంలే"ను మూడు నెలలు పట్టుకు లాగితే పొయ్యి వచ్చింది. గొట్టం మాత్రం నేను చెప్పిన చోట పెట్టనివ్వలేదు. కప్పు నడికొప్పు దగ్గర పెడితే పై నుంచి వచ్చే నీళ్ళు తక్కువ. కాని అక్కడ వాస్తు ఒప్పుకోదని బావగారు అన్నారు. దాంతో కప్పు వాలులో బాగా కిందికి, పై కప్పు నీళ్ళన్నీ వచ్చి తగిలే చోట చిల్లు కొట్టారు. అయినా ఆ మొదటి వారం నేను మర్చిపోలేను. వంటింటి అవతలి గోడ నాకు మొదటిసారి స్పష్టంగా కనిపించింది. ఆ గోడకు ఒక గూడు ఉందని, అందులో ఎవరో ఎప్పుడో పసుపుతో పెట్టిన బొట్టు ఉందని అప్పుడే చూశాను. దిండుకు ఆనుకుని కూర్చోకుండా వెల్లకిలా పడుకుని నిద్రపోయాను.

వాన వచ్చింది. గొట్టం వెంట నీళ్ళు బొటబొటా దిగి పొయ్యిలో పడ్డాయి, బూడిద బురదైంది. మసి నీళ్ళు పప్పులో పడ్డాయి. బావగారి విస్తట్లో పెరుగన్నం మీద నల్లటి చుక్క ఒకటి పడింది. ఆయన దాన్ని చూపుడు వేలితో చూపించి, "ఏంటిది?" అన్నారు. అంతే, లేచి వెళ్ళిపోయారు. తాపీమేస్త్రి వచ్చి గొట్టం చుట్టూ సిమెంటు మెత్తాడు. పొయ్యి వెలిగినప్పుడు గొట్టం వేడెక్కి ఉబ్బేది, ఆరితే ముడుచుకునేది. నెలలో సిమెంటు చుట్టూ వెంట్రుకవాసి బీట. మళ్ళీ వచ్చి బెల్లం నీళ్ళతో కలిపిన సున్నం పెట్టాడు. మళ్ళీ బీట. మూడోసారి గోనెగుడ్డకు తారు పూసి చుట్టాడు. ఎండకు తారు కారి పెంకుల మీదికి జారింది. "గొట్టం కదులుతోంది మేస్త్రీ, దానికి అతుక్కునేది ఏది పెట్టినా నిలవదు" అన్నాను. "పొయ్యి సంగతి మీరు చూసుకోండమ్మా, కప్పు సంగతి మాకొదిలెయ్యండి" అన్నాడు అతను, బావగారి వైపు చూసి నవ్వుతూ. బావగారు తీర్పు చెప్పేశారు. "ఈ ఏడు మృగశిర కార్తెలో తొలి వానకి ఒక్క చుక్క కారిందా, గొట్టం పీకించి చిల్లు మూయించేస్తాను. మా అమ్మ ఇన్నేళ్ళూ ఆ పొగలోనే వండిపెట్టింది. చచ్చిపోయిందా?" మా అత్తగారు ఆ పక్కనే మజ్జిగ చిలుకుతున్నారు. కవ్వం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది.

అప్పటికి మృగశిరకు రెండు నెలలు ఉంది. గొట్టం పోతే నేను మళ్ళీ ఆ పొగలోకి వెళ్ళాలి. ఎన్నేళ్ళు బతుకుతానో కూడా అప్పుడు నాకు అనుమానమే. పగలంతా ఒకటే ఆలోచన. గట్టిది పెడితే పగులుతోంది, మెత్తటిది పెడితే కరుగుతోంది. ఇనుప రేకు తుప్పు పడుతుంది, పైగా గూనపెంకుల ఎత్తుపల్లాల మీద కూర్చోదు. పూరీ పిండిలా వంగాలి, ఎండకు కరగకూడదు, వానకు తుప్పు పట్టకూడదు. అలా అనుకుంటుండగా మా నాన్న కొట్లో గోళ్ళతో గీకితే గీత పడే సీసం గుళ్ళు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు జాలరి ఇళ్ళ ముందు ఇనుప మూకుట్లో సీసం కరిగించి అచ్చుల్లో పోయడం చూస్తూ నిలబడేదాన్ని. వెంటనే నాన్నకు కార్డు రాశాను. అన్నవరంలో పుట్టింటివాళ్ళ వ్రతానికి ఎలాగూ కలుస్తాం కదా, పాత గుళ్ళు పది పన్నెండు కిలోలు పట్టుకురమ్మని. "ఎందుకే?" అని కొండ మీద అడిగారు నాన్న, చేతిసంచి బరువుకు భుజం వంగిపోయి. "కప్పుకి" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. నా జీవితంలో నా మాటకు "చూద్దాంలే" అనకుండా పని చేసిన మగవాడు ఆయనొక్కడే.

వ్రతం అయ్యాక ప్రసాదం పొట్లాలు కూడా అదే సంచిలో పైన పెట్టుకుని బస్సెక్కాను. అదీ నేను చేసిన పొరపాటు. ఇంటికి వచ్చాక అత్తగారే సంచిలోంచి ప్రసాదం తీసి అందరికీ పంచారు. బావగారు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. ఆవిడ ఇంకో పొట్లం కోసం చెయ్యి పెట్టి ఒక గుండు బయటికి తీశారు. దానికి ఇంకా వల దారం ముక్క అంటుకుని ఉంది.

"ఇవేంటే అమ్మాయ్?"

"సీసం గుళ్ళండీ. వల గుళ్ళు."

"చేపల వలకి కట్టేవా?"

"అవునండీ."

బావగారు నమలడం ఆపేశారు. నోట్లో ఉన్నది సత్యనారాయణస్వామి ప్రసాదం, ఉమ్మడానికి లేదు. మింగడానికి మనసొప్పడం లేదు. చివరికి గుటకేశారు. అప్పుడు ఆయన అరిచిన అరుపు కొట్లో సరుకు కొంటున్నవాళ్ళకి కూడా వినిపించింది. "ఈ నీచుకంపు ముద్దలు తీసుకెళ్ళి వంటింటి నెత్తిన పెడతావా? మన ఇంటా వంటా ఉందా ఇది?" మా ఆయన వీధిలోకి వెళ్ళిపోయారు. నేను సంచి తీసుకెళ్ళి పెరట్లో తులసికోటకు దూరంగా పెట్టి, దాని పక్కనే కూర్చున్నాను. భోజనానికి లేవలేదు. పారేస్తారేమోనని.

మూడో రోజు అత్తగారు పెరట్లోకి వచ్చారు. సంచి వైపు చూడకుండా అడిగారు. "దాంతో కారడం ఆగుద్దా?" ఆగుతుందన్నాను. "నిజంగా?" "నిజంగానండీ." ఆవిడ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని చెప్పారు. "అయితే శుక్రవారం కరిగించు. పసుపు నీళ్ళతో ఏడుసార్లు కడుగు. తలారా స్నానం చేసి, మడి కట్టుకుని నువ్వే చెయ్యి. ఇంకెవరూ తాకకూడదు. పొయ్యి మీద మడిగా కరిగిందంటే అది మన ఇంటి వస్తువే, దాని పాత పని దానితో పోయింది. మీ బావగారికి నేను చెబుతాను." ఆవిడ అంత పొడుగు మాట నాతో మాట్లాడడం అదే మొదలు.

బజార్లో బకెట్లకు మాట్లు వేసే మస్తాన్ సాయిబుని పిలిపించాను. ముసలాయన, లోహం సంగతి తెలిసినవాడు. కాని మడి పని కదా, అత్తగారు అతన్ని పెరట్లోకి రానివ్వలేదు. గోడ అవతల నిలబెట్టారు. అతను గోడ మీదుగా కేకేసి చెప్పడం, నేను ఇవతల చెయ్యడం. "చెక్క చట్రంలో ఇసక పరవండమ్మా. గోదారి ఇసకేనా? ఆయ్, అదేనండి. పిడికిట పడితే ముద్దవ్వాలి, వదిలితే చేతికి తడి అంటకూడదు. ఇసకలో నీళ్ళెక్కువైతే సీసం పేలుద్దండి, జాగ్రత్త!" నేను ఇసక పిడికిట పట్టి చూశాను. నాలుగుసార్లు చూశాను. ఇసకలో తడి సరిగ్గానే ఉంది. నూతి దగ్గర నుంచి అప్పుడే వచ్చిన నా చీర మాత్రం నీళ్ళోడుతోంది. అది నాకు తట్టలేదు, మడి కట్టమన్న అత్తగారికి తట్టలేదు, గోడ అవతల సాయిబుకి కనపడలేదు. కరిగిన సీసం వెండిలా మెరుస్తోంది. మూకుడు ఎత్తడానికి వంగాను. పైటచెంగు నుంచి ఒక్క చుక్క జారి అందులో పడింది.

ఠప్పుమని పేలింది. నా ముంజేతి మీద మూడు చోట్ల నిప్పు ముక్కలు అంటుకున్నట్టైంది. మూకుడు వదిలేశాను. "ఏవైందండీ? అమ్మగారూ, ఏవైంది?" అని గోడ అవతల కేకలు. బావగారు పరుగెత్తుకొచ్చి చూసి, "ప్రసాదంతో కలిపి మోసుకొచ్చింది కదా, ఊరికే పోద్దా?" అని వెళ్ళిపోయారు. అత్తగారు సున్నపు తేటలో కొబ్బరినూనె గిలకొట్టి తెచ్చి చేతికి రాశారు. రాస్తూ అడిగారు.

"మంటగా ఉందా?"

"ఉందండీ."

"తగ్గాక మళ్ళీ చేస్తావా?"

"చేస్తాను."

"తడిబట్ట కట్టమనడం నా తప్పేనే" అన్నారు. లోపలికి వెళ్ళి పెట్టె తీసి, మడికి కట్టుకునే పట్టుచీర తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. పట్టుకు తడి అక్కర్లేదు, పొడిగా కట్టుకున్నా మడే. ఆ చీరను అంతకుముందు నేను ఆరేయబోతే చెయ్యి వెయ్యనివ్వలేదు ఆవిడ. "ఆ సాయిబునీ లోపలికి రమ్మను. గోడ అవతలి నుంచి ఏం కనపడుద్ది అతనికి?" అన్నారు. ఈ రెండు మాటలూ మొదటి శుక్రవారమే అని ఉంటే నా చేతి మీద ఈ మచ్చలు ఉండేవి కావు. అదీ రాసిపెడుతున్నాను.

రెండోసారి సీసం ఇసక మీద పాలమీగడలా పరుచుకుంది. సాయిబు అటు, నేను ఇటు పట్టుకుని చట్రం మీదుగా చెక్క పలక లాగాం. ఆరాక పెళుసు లేకుండా, దళసరిగా రెండడుగుల చదరపు రేకు లేచింది. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు ఇసక గరుకు. "ఇప్పుడు మధ్యలో గుండ్రంగా చిల్లు కొట్టి గొట్టానికి తొడిగెయ్యడమేనండి" అన్నాడు సాయిబు. నేను ముందు పాత కేలండరు కాగితం అలాగే గుండ్రంగా కత్తిరించి, మిగిలిపోయిన గొట్టం ముక్కకు తొడిగి, కప్పు వాలులో వంచి చూశాను. కూర్చోలేదు. గొట్టం నిటారుగా ఉంది, కప్పు ఏటవాలుగా ఉంది. కాగితం వాలులో పెడితే చిల్లు బిగుసుకుని చిరిగిపోతోంది. ఆ చిరుగు చూస్తుంటే నా కుట్టుపని గుర్తొచ్చింది. జాకెట్టు చెయ్యి గుండ్రంగానే ఉంటుంది, కాని దాన్ని ఒంటికి అతికే చోట గుండ్రంగా కత్తిరిస్తే చంక పట్టేస్తుంది. అక్కడ కోడిగుడ్డులా సాగదీసి కొయ్యాలి. కప్పు వాలును వంటింటి లోపలి నుంచే దారంతో, పలకతో కొలిచి కాగితం మీద గుడ్డు ఆకారం గీశాను. కాగితం గొట్టానికి అంటుకుని కూర్చుంది. పెరటి గుమ్మంలోంచి బావగారు చూసి, "ఏంటమ్మా, ఇంటికి జాకెట్టు కుడుతున్నావా?" అన్నారు. "అవును బావగారూ, చేతులు పొడుగు పెడుతున్నాను" అన్నాను. అత్తగారు నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగారు.

ఇక కొట్టడం. చిల్లు కావలసిన దానికంటే చిన్నదిగా కోసి, దాని అంచును లోపలి నుంచి కొద్దికొద్దిగా పైకి లేపుతూ, గొట్టానికి పట్టుకునే కంఠం తియ్యాలి. అతుకు ఉండకూడదు, అతుకున్న చోటే ఎప్పటికైనా నీళ్ళు దిగుతాయి. సాయిబు ఇనుప సుత్తితో రెండు దెబ్బలు వేస్తే అంచు చిట్లబోయింది. అతని చేతిలోంచి రేకు తీసుకున్నాను. పప్పుగుత్తితో, చపాతీ కర్రతో, మెల్లగా, ఒక చోట రెండు దెబ్బలకు మించకుండా చుట్టూ తిప్పుతూ కొట్టాను. తొందరపడితే సీసం పలచబడి చిరుగుతుంది. ఓపిక పడితే ఎటు చెబితే అటు నడుస్తుంది. వంట అయ్యాక, పొద్దు వాలే దాకా, ఆరు రోజులు. చేతికి కట్టు ఉండగానే. ఆ చప్పుడుకు బావగారికి పగటి నిద్ర పట్టేది కాదట. ఆ మాట విన్నాక ఇంకాస్త ఓపిక వచ్చింది నాకు.

రేకు కప్పు మీద పెట్టడానికి తాపీమేస్త్రి రానన్నాడు. సాయిబుకు మోకాళ్ళ నొప్పులు. మా ఆయన "చూద్దాంలే, వచ్చే వారం" అన్నారు. వచ్చే వారం మృగశిర. బావగారు భోంచేసి అరుగు మీద నడుం వాల్చిన వేళ, చీర గోచీ పోసుకుని నిచ్చెన వేశాను. అత్తగారు వచ్చి రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నారు. పైన పెంకులు కాలిపోతున్నాయి. గొట్టం చుట్టూ మేస్త్రి చేసిన పాత కంగాళీ అంతా ఊడగొట్టాను. రేకు పై అంచు పై వరస పెంకుల కిందికి తోశాను, కింది అంచు కింది వరస పెంకుల మీదికి దించాను. పై నుంచి వచ్చే నీరు రేకు మీదికి దిగి, రేకు మీది నుంచి పెంకుల మీదికి పోవాలి, దాని కిందికి పోయే దారే ఉండకూడదు. పక్కల్లో పెంకుల గూనల మీద పప్పుగుత్తితో తట్టి అతికించాను. కంఠానికి, గొట్టానికి మధ్య సందులో, పడవలవాళ్ళు చెక్కల మధ్య పెట్టినట్టు, గుగ్గిలం నూనెలో నానబెట్టిన జనపనార కూరి, రాగి తీగతో బిగించాను. గొట్టం ఇక కదిలితే కదలనీ. "కొట్టువారి కోడలు కప్పెక్కిందిరోయ్!" అని వీధిలో ఎవరో అరిచారు. బావగారు లేచి వచ్చారు.

"అమ్మా! ఏంటీ అప్రతిష్ఠ? దిగమను దాన్ని!"

"నువ్వెళ్ళి పడుకోరా" అన్నారు అత్తగారు, తల తిప్పకుండా. "నేను నిచ్చెన వదిలితే అది పడుద్ది."

మృగశిర వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే ఆకాశం విరిగి పడింది. పెరడంతా చెరువైంది, పాకలో దూడ అరుస్తోంది, తడిసిన పెంకుల వాసన ఇల్లంతా నిండింది. బావగారు కొట్టు వదిలేసి వంటింట్లోకి వచ్చారు. ఆయన ఆ గడప దాటి లోపలికి రావడం నేను చూడలేదు అంతకుముందు. గొట్టం కింద అరచెయ్యి చాపి నిలబడ్డారు. నేను గోడకానుకుని ఆయన చేతినే చూస్తున్నాను. నా ఊపిరి సంగతి ఆ అరచేతిలో ఉంది. చాలాసేపటికి ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకున్నారు. పొడిగా ఉన్నాయి. మళ్ళీ చాపారు. "ఇక చెయ్యి తియ్యరా, ఎసరు పెట్టాలి" అన్నారు అత్తగారు. ఆయన బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయనతో, "తమ్ముడూ, మంచి పని చేయించావురా" అన్నారు. మా ఆయన "ఊఁ" అన్నారు. ఆ ఒక్క "ఊఁ"కి ఆయనతో పదిరోజులు మాట్లాడలేదు నేను. ఆయన పోయేదాకా అప్పుడప్పుడూ గుర్తు చేస్తూనే ఉన్నాను. పాపం, తరవాత తరవాత "చెప్పాల్సింది, నోరు రాలేదు" అనేవారు. నోరు రాకపోవడం వల్లనే కదా ఆ పేరు తమ్ముడి మీంచి అన్న మీదికి పోయి, మొన్న వాడి మాట వినాల్సి వచ్చింది.

ఇప్పుడు నేనున్న ఫ్లాటులో పొయ్యి మీద చిమ్నీ ఉంది. మీట నొక్కితే బుర్రుమంటుంది. మా మనవరాలు మాగాయ పోపు పెట్టినా గదిలో వాసన రాదు. ఆ పిల్లకు పొగ అంటే సినిమాల్లో కనిపించేదే. మంచిదే. వాసన లేని ఇల్లని అప్పుడప్పుడు విసుక్కుంటాను కాని, ఆ ఊక పొగ తిరిగి రావాలని ఒక్క పూట కూడా కోరుకోలేదు. ఆ రోజుల్లో అన్నీ బాగుండేవని రాసేవాళ్ళు వంటింట్లో కూర్చుని రాయలేదు. సీసం విషమట, ఆ ఆవిరి పీల్చకూడదట, మనవరాలు ఫోన్లో చదివి చెప్పింది. నిజమే అయ్యుంటుంది. ఒక నెల రోజులు ఆ విషం దగ్గర కూర్చుంటే, ఇన్నేళ్ళు పొగ విషం తప్పింది. మా అత్తగారు ఆ తరవాత కళ్ళు తుడుచుకోవడం తగ్గించారు. వంకలు పెట్టడం మాత్రం తగ్గించలేదు.

ఇక్కడితో ఆపవచ్చు. కాని బావగారి గురించి న్యాయంగా చెప్పాలంటే ఇంకొకటి ఉంది. నాలుగేళ్ళ తరవాత ఆయన వేరుపడి పక్క వీధిలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. అక్కడా పొగలేని పొయ్యే పెట్టించారు, అక్కడా గొట్టం పక్క నుంచి కారింది. మా తోటికోడలు పనిమనిషి చేత కబురు పంపింది, అలాంటి రేకు ఒకటి చేయించి పంపమని. "చేయించను, చేస్తాను. కావలసినవాళ్ళు వచ్చి అడగాలి" అని చెప్పి పంపాను. పదిహేను రోజులు ఎవరూ రాలేదు. రెండు వానలు పడ్డాయి. మూడో వానలో బావగారు గొడుగు వేసుకుని వచ్చి మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఏమ్మా, బాగున్నావా?"

"బాగానే ఉన్నాను బావగారూ. కూర్చోండి."

"కూర్చోడానికి కాదు. అదే, ఆ రేకు... మస్తాన్ని అడిగితే తనకి రాదన్నాడు."

"అతనికి రాదు."

ఆయన గొడుగు మడిచారు, మళ్ళీ విప్పారు, మళ్ళీ మడిచారు. "నువ్వే చెయ్యాలటగా. చేసి పెడతావా అమ్మా?"

"చేస్తానండీ. గొట్టం చుట్టుకొలత ఎంత? కప్పు వాలు ఎంత?"

"అవన్నీ నాకేం తెలుసు? మేస్త్రినడిగి చెబుతాను."

"మేస్త్రి చెప్పిన కొలతకు నేను కొయ్యను. మీరే ఎక్కి చూసి చెప్పాలి."

మర్నాడు వాన తెరిపిచ్చింది. పంచె ఎగగట్టుకుని, దారం, కొలబద్ద పట్టుకుని బావగారు తన కొత్త కప్పు ఎక్కారు. నేను కింద వీధిలో కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఒక్కో అంకె పైనుంచి అరిచి చెబుతుంటే రాసుకున్నాను. అరుగుల మీద ఉన్నవాళ్ళంతా విన్నారు. అన్నీ సరిగ్గానే చెప్పారు, నాకు తెలుస్తూనే ఉంది. అయినా చివరి అంకె దగ్గర ఆగి, "అది తప్పులా ఉంది బావగారూ, మళ్ళీ కొలవండి" అన్నాను.

మళ్ళీ కొలిచారు.